బ్రెడ్డు ముట్టని ప్రెసిడెంటుగారు

మొన్న పొద్దున్నే మా వీధిలో అద్దెకుంటున్న అమ్మాయి ఒకతె బ్రెడ్డు ప్యాకెట్టు చేతిలో ఊపుకుంటూ ఎదురైంది. ఏదో కంపెనీలో కొత్తగా ఉద్యోగంలో చేరిందట. నా నోరు ఊరుకోదు కదా, "ఎవరికమ్మా బాగాలేదు?" అన్నాను. ఆ పిల్ల ఆగి నన్ను ఎగాదిగా చూసింది. "అందరం బాగానే ఉన్నామాంటీ. టోస్ట్ చేసుకుందామని," అంది. నాకు నవ్వాగలేదు. ఉద్యోగమంతా బ్రెడ్డు కంపెనీలో చేసి, ఊరూరా తిరిగి "బాగున్నవాళ్ళు కూడా తినొచ్చండీ" అని గొంతు పోయేలా చెప్పి రిటైరైన మనిషిని నేను. చివరికి ఆ ప్రశ్న నా నోటి నుంచే వచ్చింది.

అందుకని ఇవాళ్టి పిల్లలకి ఈ సంగతి చెప్పాలనిపించింది. డిక్షనరీ తీస్తే బ్రెడ్డు అంటే పిండి పొంగబెట్టి కాల్చిన తిండి అని ఉంటుంది. మా కృష్ణా జిల్లాలో ఆ అర్థంతో ఎవరికీ పని పడేది కాదు. ఇక్కడ బ్రెడ్డు అంటే జ్వరం. "వాడు బ్రెడ్డు మీదున్నాడు" అంటే మంచం దిగలేదని. "బ్రెడ్డు కూడా పోవట్లేదు" అంటే ఇక బెజవాడ తీసుకెళ్ళాల్సిందేనని. "బ్రెడ్డు పట్టుకెళ్ళి చూసొద్దాం" అంటే పరామర్శ. ఆసుపత్రుల ముందు కొట్లలో బత్తాయిలు, కొబ్బరిబొండాలు, వాటి పక్కన బ్రెడ్డు వేలాడుతూ ఉండేది. బాగున్న ఇంట్లో పిల్లలు ముచ్చటపడి అడిగితే తండ్రి ఒక ప్యాకెట్టు కొని, పేపర్లో చుట్టించి, సంచీ అడుగున పెట్టుకుని తెచ్చేవాడు. లేకపోతే సందు మొదటి నుంచి గుమ్మం దాకా ఎవరికి జ్వరం, ఎప్పటినుంచి జ్వరం అని జవాబులు చెప్పుకుంటూ రావాలి.

మా ఇంట్లో దానికి ఇంకో వాడుక కూడా ఉండేది. మేము క్రైస్తవులం. నెలలో మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్లకి మా అమ్మే రొట్టె సిద్ధం చేసేది. అంచులు తీసేసి, ఉతికిన తెల్లగుడ్డ మీద చిన్నచిన్న ముక్కలు కోసేది. ఆ పూట దాన్ని బ్రెడ్డు అనకూడదు, రొట్టె అనాలి. ఆ అంచులు మాకు పెట్టమని అడిగితే "బాగానే ఉన్నారుగా, మీకెందుకు?" అని కోళ్ళకి వేసేది. నాకు బ్రెడ్డు కంపెనీలో ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మా నాన్న సంతోషించి, "ఆసుపత్రి ఉద్యోగం లాంటిదేలే, ఎప్పుడూ పని ఉంటుంది," అన్నాడు.

నాన్న చెప్పినట్టే జరిగింది. వానలు పడి దోమలు పెరిగితే మా వ్యాన్లు నిండుగా వెళ్ళి ఖాళీగా వచ్చేవి. ఎండాకాలంలో ఊళ్ళు ఆరోగ్యంగా ఉంటే ట్రేలకి ట్రేలు వెనక్కి వచ్చేవి. మా ఓనరుగారు మంచి మనిషి, కానీ కుదురుగా కూర్చోలేని మనిషి. ఆయనకి ఈ వ్యవహారం మనసులో ముల్లులా ఉండేది. "జనానికి జ్వరాలొస్తే మనకి పండగ. పొద్దున్న లేచి దేవుణ్ణి ఏమని మొక్కుకోవాలో తెలీట్లేదమ్మా నాకు," అనేవారు. బాగున్నవాళ్ళకి బ్రెడ్డు అలవాటు చేయాలని ఆయన కోరిక. ఆ మాట చెబుతూనే పొద్దున్నే ఇడ్లీలు తెప్పించుకుని తినేవారు. నన్నడిగితే నేనూ అంతే. బ్యాగులో ఎప్పుడూ ఉప్మా డబ్బా ఉండేది.

నేను ప్యాకింగ్‌లో చేరి, నోరున్నదాన్నని సేల్స్‌లోకి మారి, చివరికి కంకిపాడు లైనుకి సూపర్వైజరునయ్యాను. లైనంటే ఒక వ్యాను రోజూ తిరిగే దారి. మాది బెజవాడలో బయల్దేరి కంకిపాడు మీదుగా ఉయ్యూరు దాకా వెళ్ళి, దారిలోని ఊళ్ళ కొట్లకి సరుకేసి వెనక్కొచ్చేది. కంపెనీ మొత్తానికి బీద లైను మాదే. అక్కడి జనం పొద్దున్నే పొలం పోయే జనం, జ్వరాలు తక్కువ. కరోనాకి కొన్నేళ్ళ ముందు సంగతిది. అప్పటికి బెజవాడలో బ్రెడ్ ఆమ్లెట్ బండ్లు వచ్చేశాయి కానీ ఆ గాలి కంకిపాడు దాటలేదు.

ఆ వేసవిలో ఓనరుగారు నన్నూ, డ్రైవరునీ పిలిచి చెప్పేశారు. "ఈ నెల చూస్తాను. ఇలాగే ఉంటే లైను ఎత్తేసి వ్యాను అమ్మేస్తాను. నన్నేం అనుకోవద్దు."

నాకైతే మళ్ళీ ప్యాకింగ్‌లో కుర్చీ ఉంది. డ్రైవరుకి ఏముంది? ఆయన్ని నేను బాబాయ్ అనేదాన్ని. నల్లగా, సన్నగా, ఎప్పుడూ ఏదో గొణుక్కుంటూ ఉండే మనిషి. ఆ వ్యాను కొన్ననాటి నుంచి దాని స్టీరింగు ఇంకొకళ్ళు పట్టుకోలేదు. కళ్ళజోడు పెట్టుకున్న ముసలి డ్రైవరుని ఇంకెవరూ పెట్టుకోరని ఆయనకి తెలుసు. కూతురు నర్సింగ్ చదువు సగంలో ఉంది. ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు ఒక్కమాట గొణగలేదు. ఆయన గొణక్కపోతే నాకు భయమేసింది.

ఓనరుగారి దగ్గర ఆలోచనలకి మాత్రం కరువుండదు. లైనులో బాగా మంచి పేరున్న ఊరొకటి పట్టుకుని, ఒక పొద్దున ఇంటికో ప్యాకెట్టు ఉచితంగా పంచుదామన్నారు. పంచడం ఆ ఊళ్ళో అందరికంటే ఆరోగ్యంగా ఉన్న మనిషి ఇంటి ముందు మొదలుపెట్టాలి. ఆయన బ్రెడ్డు తింటుండగా ఫోటో తీసి కంకిపాడు సెంటర్లో బోర్డు కట్టాలి. "అంతటి మనిషే తింటున్నాడంటే ఇక జ్వరం మాటెవరెత్తుతారు?" అన్నారు. వినడానికి బాగానే ఉంది.

అలాంటి మనిషి ఒకాయన ఉన్నారు. కంకిపాడు దాటాక కాలవ పక్క ఊరికి ఒకప్పుడు పంచాయతీ ప్రెసిడెంటుగా చేశారు. పదవి పోయి చాలా కాలమైనా పిలుపు పోలేదు. డెబ్భై దాటినా సైకిల్ మీద పొలం వెళ్ళేవారు. ఆయన గురించి ఊరంతా చెప్పుకునే మాట ఒకటుంది. ప్రెసిడెంటుగారు పుట్టి బుద్ధెరిగి బ్రెడ్డు ముట్టలేదు. అంటే జ్వరమన్నది ఎరగరని. ఆయన కూడా మీసం సవరించుకుని "బ్రెడ్డు ముట్టని ఒళ్ళమ్మా ఇది," అని చెప్పుకునేవారు.

అటువంటాయన దగ్గరికి వెళ్ళి బ్రెడ్డు తినండి, ఫోటో తీస్తాం అని అడగాలి. అడిగాను. నా మొహం కేసి కాసేపు చూశారు.

"ఏమ్మా, నేను బాగుండటం నీకిష్టం లేదా?"

"అదేం మాటండీ! బాగున్నవాళ్ళు తినాలనే కదండీ మా బాధంతా."

"నువ్వెన్నైనా చెప్పు. నా నోట్లో అది పడదు. కాకపోతే నా అరుగు నీకిస్తా. నీ పెట్టెలు దింపుకో, ఊళ్ళో పంచుకో. నన్ను మాత్రం తినమనమాక."

అరుగైనా దొరికింది చాల్లే అనుకున్నాను. ఫోటో సంగతి ఓనరుగారే వచ్చి చూసుకుంటారని సర్దిచెప్పుకున్నాను.

అనుకున్న రోజు తెల్లారుతుండగానే బాబాయ్, నేనూ ఆ ఊరు చేరాం. ప్రెసిడెంటుగారు అప్పటికే పొలం వెళ్ళిపోయారు. ఆయన భార్య పెరట్లో గేదెల దగ్గర ఉన్నట్టుంది, చెంబుల చప్పుడు వినిపిస్తోంది. పిలిచి ఇబ్బంది పెట్టడమెందుకని అరుగు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ట్రేల మీద ట్రేలు దింపాం. జనం లేచాక పంచాలి కదా, ఈలోగా ఉయ్యూరు వెళ్ళి సరుకేసి వచ్చేద్దామని వ్యాను తిప్పాం.

ఇక్కడ మీరొకటి గమనించాలి. బ్రెడ్డంటే ఏమిటో మా ఇద్దరికీ తెలియదా? మాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కానీ చేతులకి రోజూ తగిలే సరుకు ఇక సరుకే. ఎన్ని ట్రేలు, ఎక్కడ దింపాం అన్నదే మా బుర్రల్లో ఉంది. ఊళ్ళో పెద్దమనిషి అరుగు మీద తెల్లవారుజామున అంత బ్రెడ్డు కనపడితే చూసినవాళ్ళు ఏమనుకుంటారన్న ఆలోచన మాకు రాలేదు. ఓనరుగారికీ రాలేదు, ప్రెసిడెంటుగారికీ రాలేదు.

ఉయ్యూరులో పని చూసుకుని వస్తుంటే దారిలో ఒక కొట్టాయన వ్యానుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన నెల రోజులుగా మా సరుకు వద్దంటున్న మనిషి. "బ్రెడ్డుందా? ఎంతుంటే అంత దించండి," అన్నాడు. దించాం. కాస్త ముందుకొచ్చాక ఇంకో కొట్టు. ఆవిడ మెట్టు దిగి వచ్చి, ట్రే తనే లాక్కుంది. నాకు సంతోషంతో ఒళ్ళు తెలియలేదు.

"చూశావా బాబాయ్! ఓనరుగారి ఆలోచన ఎలా పండిందో!"

"మనమింకా పంచలేదుగా అమ్మాయ్," అన్నాడు బాబాయ్.

ఆ మాట నిజమే. ఆ ఊరికి తిరిగే మలుపులో మాకు బాగా తెలిసిన కొట్టాయన్ని అడిగాను. ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. "మీకు తెలీదాండీ? ప్రెసిడెంటుగారికి సీరియస్సంట. మామూలుగా కాదంట. పెట్టెల్లెక్కన తెప్పించారంట బ్రెడ్డు. వాట్సాప్ గ్రూపులో ఫోటో కూడా వచ్చింది. చుట్టాలంతా ఇటే దిగుతున్నారు. చేతిలో బ్రెడ్డు లేకుండా ఎలా వెళ్తారు పాపం, నా దగ్గరున్నదంతా పట్టుకెళ్ళిపోయారు."

"అయ్యో, నిన్న సాయంత్రం కూడా బాగానే మాట్లాడారే!" అన్నాను. బాబాయ్ తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇద్దరం వ్యానెక్కాం. నేను వెనక్కి చెయ్యి చాపి మా ట్రేలోంచే ఒక ప్యాకెట్టు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. చూడ్డానికి వెళ్తూ ఉత్త చేతులతో ఎలా వెళ్తాం?

ఇప్పుడు నవ్వండి. నేనే దింపిన బ్రెడ్డు చూసి ఊరు భయపడింది. ఆ భయం విని నేను బ్రెడ్డు పట్టుకుని బయల్దేరాను.

ఆ ఇంటి ముందు ఇసకేస్తే రాలనంత జనం. ఉయ్యూరు నుంచి, గుడివాడ నుంచి, గన్నవరం నుంచి చుట్టాలు కార్ల మీద, ఆటోల మీద వచ్చేశారు. ఒక్కరి చెయ్యీ ఖాళీగా లేదు. మా ట్రేల పక్కన అరుగు మీద ప్యాకెట్ల గుట్ట. అన్నీ మా కంపెనీవే. దూరపు బావమరిది ఒకాయన ముందుచూపుతో పూలదండ కూడా తెచ్చినట్టున్నాడు, కవరు వీపు వెనక దాచుకుని నిలబడ్డాడు.

గుమ్మంలో ప్రెసిడెంటుగారి భార్య కూలబడి ఉన్నారు. ఆవిణ్ణి మేము అమ్మగారు అంటాం. ఎంత పని నెత్తిన పడ్డా చెదరని మనిషి. మొదట్లో "ఆయన పొలం వెళ్ళారండీ, బాగానే ఉన్నారు," అని అందరికీ చెప్పారట. వచ్చినవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని "పాపం, చెప్పుకోలేకపోతోంది," అన్నారట. ఫోను చేద్దామంటే ఆయన ఫోను గూట్లో ఛార్జింగులో ఉంది. అంతమంది అలా అంటుంటే ఆవిడకీ అనుమానం వచ్చింది. "చీకటితో వెళ్ళారు, వెళ్ళేటప్పుడు నేను చూళ్ళేదు. ఈ బ్రెడ్డంతా ఎప్పుడు తెప్పించుకున్నారో, నాకెందుకు దాచారో," అని ఏడుపు మొదలుపెట్టారు. ఆవిడ ఏడ్చేసరికి ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు.

నేను జనాన్ని తోసుకుని అరుగు దగ్గరికి వెళ్ళాను. ఒక పెద్దాయన ట్రేల వైపు చెయ్యి చూపించి "చూడమ్మా, ఎంత తెప్పించారో! ఎన్నాళ్ళు పడుకోవాలన్నారో డాక్టర్లు!" అన్నాడు. ఆ ట్రేల మీద ఉన్న మా కంపెనీ పేరు చూశాను. నా చేతిలో ప్యాకెట్టు చూసుకున్నాను. అప్పుడు వెలిగింది. అక్కడే ట్రే అంచు మీద కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే జనం వెనక సైకిల్ బెల్లు మోగింది. మోకాళ్ళ దాకా బురద, సైకిల్ వెనక గడ్డిమోపు. ప్రెసిడెంటుగారు దిగి స్టాండు వేసి, "ఏంటిది? ఎవరికి బాగాలేదు?" అన్నారు.

గుడివాడ నుంచి వచ్చిన ఆయన అక్కగారు కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళి, ఆయన చెంపలు రెండూ తడిమి చూసి, భుజమ్మీద ఒక్కటి వేసింది. "సచ్చినోడా! నిక్షేపంలా ఉండి నన్నింత దూరం ఏడిపించుకుంటా రప్పిస్తావా!" అంది. ఆ తర్వాత ఆయన్ని పట్టుకుని మళ్ళీ ఏడ్చింది. అమ్మగారు లేచి కొంగుతో మొహం తుడుచుకుని, ఆయన్ని ఒక్క చూపు చూశారు. అరుగు ఇచ్చిన సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదని నాకప్పుడు అర్థమైంది.

చుట్టాలు నవ్వలేక, ఏడవలేక అలా నిలబడిపోయారు. ప్రెసిడెంటుగారికి మాత్రం తల కొట్టేసినట్టయింది. బ్రెడ్డు ముట్టని ఒళ్ళని చెప్పుకున్న మనిషి ఇంట్లో బ్రెడ్డు గుట్ట! ఆయన చూపు నా మీద పడింది.

"నీకు అరుగిస్తే నా పరువు తీశావు గదమ్మా. ఇవన్నీ ఎక్కించుకో. ఈ ఊళ్ళోనే కాదు, ఈ చుట్టుపక్కల మీ వ్యాను మళ్ళీ కనపడగూడదు."

ఆ మనిషి వద్దంటే ఆ చుట్టుపక్కల ఏ కొట్టూ మా సరుకు ముట్టదు. లైను పోయినట్టే. నేను బాబాయ్ వైపు చూశాను. ఆయన వ్యాను తలుపు పట్టుకుని నిలబడి, చేతిలో ఉన్న తలపాగాతో అద్దం తుడుస్తున్నాడు. అద్దం శుభ్రంగానే ఉంది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు అమ్మగారు ముందుకొచ్చారు.

"వాళ్ళనంటారేం? అరుగిచ్చింది మీరు. నాకు చెప్పంది మీరు. ఇంతమంది ఎక్కడెక్కడి నుంచో టిఫిన్లు కూడా చెయ్యకుండా పరిగెత్తుకొచ్చారు. వీళ్ళకేం పెడతారో ముందు చెప్పండి."

మీకు మా ఊళ్ళ సంగతి తెలియనిది కాదు. చూడ్డానికి వచ్చిన మనిషి ఏమీ తినకుండా వెళ్ళడం ఆ ఇంటికి పెద్ద తలవంపు. అంత జనానికి ఇడ్లీ పిండి లేదు. కంకిపాడు హోటల్లో అప్పటికప్పుడు అన్ని ఇడ్లీలు దొరకవు. అమ్మగారు అరుగు మీది గుట్టకేసి ఒకసారి, జనం కేసి ఒకసారి చూసి, చీర చెంగు దోపుకున్నారు.

"ఉల్లిపాయలు తెండి. పచ్చిమిరపకాయలు, కరివేపాకు. నిమ్మకాయలు ఎన్నుంటే అన్ని. ఏమ్మా కంపెనీ అమ్మాయ్, చూస్తావేంటి? ఆ కవర్లు చింపు."

నేను చింపాను. చుట్టాల ఆడవాళ్ళు అరుగు మీదే కూర్చుని ముక్కలు తుంపారు. పెరట్లో పెళ్ళిళ్ళప్పుడు వాడే పొయ్యి వెలిగించి పెద్ద మూకుడెక్కించారు. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, వేరుశనగపప్పు, చిటికెడు ఇంగువ. పోపు ఘుమఘుమ వీధి చివర దాకా వెళ్ళింది. ఉల్లిపాయలు వేగాక పసుపు, ఉప్పు, నీళ్ళ చుక్క, అందులో బ్రెడ్డు ముక్కలు వేసి తిప్పుతుంటే దాని తెల్లదనమంతా పోయి పచ్చగా, పులిహోర రంగుకొచ్చింది. దించి నిమ్మకాయలు పిండారు.

ఆకుల్లో పెట్టారు కానీ ఎవరూ చెయ్యి పెట్టరు. ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు. జ్వరం లేని మనిషి, పొద్దున్నే, పదిమందిలో బ్రెడ్డు తినడమంటే వాళ్ళకి ఎలాగో ఉంది. అప్పుడు బాబాయ్ వచ్చి ఒక ఆకు అందుకున్నాడు. అన్నాళ్ళు బ్రెడ్డు మోసిన ఆ మనిషి ఒక్క ముక్క తినగా నేనెప్పుడూ చూడలేదు. వేడి వేడిది నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలాడు.

"ఎలా ఉంది బాబాయ్?"

"కారం కొంచెం తగ్గింది," అని ఆకు మళ్ళీ చాపాడు.

అంతే, జనం కదిలారు. అక్కగారు రెండోసారి అడిగి పెట్టించుకుంది. గన్నవరం నుంచి వచ్చినవాళ్ళు ఎలా చేశారో అమ్మగారిని అడిగి చెప్పించుకుంటున్నారు. ఏడవడానికి వచ్చిన ఇల్లు పెళ్ళివారిల్లయింది.

ప్రెసిడెంటుగారు ఒక్కరే బావి పక్కన కాళ్ళు కడుక్కుని, బిగుసుకుని కూర్చున్నారు. పొలం నుంచి వచ్చి టిఫిన్ తినే వేళ దాటిపోయింది. ఆకలి మొహంలో తెలుస్తోంది. అమ్మగారు ఒక కంచంలో వేసి తీసుకెళ్ళి ముందు పెట్టారు. అందరం చూడనట్టు చూస్తున్నాం.

"ఏంటిది?"

"ఉప్మా."

"దేంతో చేశావ్?"

"చేతులతో. తింటారా, తియ్యనా?"

ఆయన కరివేపాకు పక్కకి తీశారు. వేరుశనగపప్పు ఒకటి నోట్లో వేసుకున్నారు. తర్వాత ఒక ముద్ద, ఇంకో ముద్ద. కంచం ఖాళీ చేసి, ఇంకాస్త వెయ్యమన్నట్టు చూశారు. రెండోసారిది కూడా అయ్యాక మీసం తుడుచుకుని, ఊరంతటికీ వినపడేలా చెప్పారు. "ఉప్మా బాగుంది. బ్రెడ్డు మాత్రం నేను ముట్టలేదు."

"ముట్టలేదండీ, మేం చూశాం," అన్నారు జనమంతా. ఒక్కరు కూడా నవ్వలేదు. ఆ ఊరివాళ్ళకి ఆ మనిషంటే అంత ప్రేమ.

ఆయన నన్ను పిలిచారు. "వ్యాను రానియ్. కానీ ఇంకెప్పుడూ నా అరుగు మీద మాత్రం దింపమాక."

ఓనరుగారు ఫోటోగ్రాఫర్ని వెంటబెట్టుకుని అప్పుడు దిగారు. ఆరోగ్యంగా ఉన్న జనం, గుంపులుగా, పొద్దున్నే తన బ్రెడ్డు తింటున్నారు. ఆయనకి కళ్ళు చెమర్చాయి. ఏం జరిగిందో అడగను కూడా అడగలేదు. బావమరిదిగారి వీపు వెనక కవరులో పూలదండ కనపడితే లాక్కుని, ఫోటో కోసం ప్రెసిడెంటుగారి మెళ్ళో వెయ్యబోయారు. అమ్మగారు మధ్యలోనే అందుకున్నారు. "దండేసిన ఫోటోకి ఇంకా టైముంది బాబూ," అని ఆ దండ తీసుకెళ్ళి మా వ్యాను ముందు కట్టేశారు.

ఆ రోజు మేము పెళ్ళికొడుకు కారులో వచ్చినట్టు కంపెనీకి వచ్చాం. బాబాయ్ దారంతా గొణుగుతూనే ఉన్నాడు. ఆ గొణుగుడు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఓనరుగారు ప్యాకెట్టు మీద పాలగ్లాసు బొమ్మ తీసేయించి ఉప్మా బొమ్మ వేయించారు, వెనక చేసే విధానం అచ్చేయించారు. మా లైను మరీ గొప్పగా ఏం పెరగలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ ఎండాకాలంలో కూడా వ్యాను తిరిగింది. బాబాయ్ రిటైరయ్యే దాకా దాని స్టీరింగు ఇంకెవరూ పట్టుకోలేదు. వాళ్ళమ్మాయి ఇప్పుడు బెజవాడలోనే నర్సు.

ఆ అమ్మాయే కిందటేడు వానాకాలంలో నాకు ఫోను చేసింది. "ఆంటీ, మీ ప్రెసిడెంటుగారు మా ఆసుపత్రిలో ఉన్నారు. విషజ్వరం. భయం లేదు కానీ ఏమీ తినట్లేదు. రండి ఒకసారి."

ఎనభై దాటిన మనిషి. నేను కొట్టు ముందు చాలాసేపు నిలబడ్డాను. బ్రెడ్డు కొనడానికి చెయ్యి రాలేదు. జీవితాంతం కాపాడుకున్న మాట ఆయనది. నేను వెళ్ళి దాన్ని చెడగొట్టనా? బత్తాయిలు కొనుక్కుని పైకి వెళ్ళాను.

మంచం పక్కన బల్ల మీద బత్తాయిలు, దానిమ్మకాయలు, బొండాలు, ఊరంతా తెచ్చినవి. అమ్మగారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ప్రెసిడెంటుగారు సగానికి సగం తగ్గిపోయారు. నన్ను చూసి, నా చేతిలో సంచీ చూసి, "ఏం తెచ్చావు?" అన్నారు.

"బత్తాయిలండీ."

ఆయన మొహం అటు తిప్పేసుకున్నారు. "ఏమీ లేని రోజున ఊరు ఊరంతా మోసుకొచ్చారమ్మా బ్రెడ్డు. ఇప్పుడు నిజంగా జ్వరమొస్తే ఒక్కడు తేలా. వచ్చినోళ్ళందరి చేతులూ చూస్తన్నా. నువ్వన్నా తెస్తావనుకున్నా."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరూ ఎందుకు తేలేదో నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఆయన పరువు నిలబెట్టాలని ఊరంతా మాట్లాడుకోకుండానే ఒక్కటై మానేసింది. ఆయనకేమో తనని చూడ్డానికి ఎవరూ రానట్టుంది.

లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్ళాను. కొట్టబ్బాయి మా కంపెనీ ప్యాకెట్టే తీసి అలవాటుగా పేపర్లో చుట్టబోయాడు. "పేపరొద్దయ్యా, అలాగే ఇవ్వు," అన్నాను. చేత్తో పైకి పట్టుకుని, వరండాలో అందరికీ కనపడేలా తీసుకొచ్చాను.

అమ్మగారు గ్లాసులో పాలు పోశారు. ఆయన లేచి దిండుకి ఆనుకుని కూర్చున్నారు. ముక్క పాలలో ముంచి, ఒక్కసారి చూసి, నోట్లో పెట్టుకున్నారు. నేనూ, అమ్మగారూ చూస్తున్నాం. మెల్లగా మింగారు.

"ఎలా ఉందండీ?"

"ఉప్పూ లేదు, కారమూ లేదు. బాగున్నోడు దీన్ని తిన్లేడమ్మా," అంటూ ఇంకో ముక్క కోసం చెయ్యి చాపారు.